దుర్గప్ప కుడిచెయ్యి

దుర్గప్ప విమానం నడిపాడంటే నమ్మనివాళ్ళు ఆదోనిలో ఇప్పటికీ ఉన్నారు. నమ్మకపోతే పోనీ, నాకు వచ్చిన నష్టమేమీ లేదు. ఆ విమానం ముక్కుకు ఉన్న కట్టె ఫ్యానును చేత్తో తిప్పి, ఇంజను లేపినవాణ్ణి నేను. నా పేరు యేసేపు. సావుకారు శేషన్న పత్తి మిల్లులో ఇంజను ఫిట్టరుగా పనిచేశాను. టీ హోటల్లో కూర్చుని కోతలు కోసేవాళ్ళలో ఒక్కడూ ఆ రోజుల్లో విమానం దరిదాపులకు రాలేదు. కాబట్టి వాళ్ళ మాట పక్కనబెట్టి నా మాట వినండి.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న కాలమది. శేషన్నకు ఆదోని చుట్టుపక్కల పత్తి చేలు చాలా ఉండేవి. చేలో పురుగు పడిందంటే ఆయన మనిషి మనిషిగా ఉండేవాడు కాదు. మీది నుంచి మందు చల్లితే ఒక్క పూటలో పని తెమిలిపోతుందని బొంబాయిలో ఎవరో చెవిన వేశారు. ఇంకేముంది, యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న రెండు సీట్ల చిన్న విమానం ఒకటి కొనుక్కొచ్చాడు. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, కట్టె చట్రం మీద గుడ్డ బిగించి రంగు పూసిన వాహనం. ఎమ్మిగనూరు నుంచి చూడవచ్చిన నేతగాళ్ళు రెక్క అంచు దగ్గర గుడ్డను వేళ్ళతో తడిమి, నేత ఒత్తుగానే ఉందని ఒప్పుకున్నారు. ఎమ్మిగనూరువాళ్ళు పరాయి మగ్గం గుడ్డను ఒప్పుకోవడమంటే మాటలు కాదు.

విమానంతో పాటు బెంగుళూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. యుద్ధంలో విమానాలు నడిపి, తర్వాత నడపడం నేర్పుతూ జుట్టు నెరిసినవాడు. అందరం క్యాప్టెన్ సారు అనేవాళ్ళం. ఆయన మాట కన్నడం, మా కోసం అందులో కొంత తెలుగు కలిపేవాడు. ఇక్కడి మనిషి ఒకణ్ణి తయారుచేసి, పత్తి పగిలేలోగా తిరిగి వెళ్ళిపోవాలని ఆయనకూ శేషన్నకూ ఒప్పందం. ఎవడూ తయారు కాకపోతే విమానాన్ని అమ్మేయడమే. ముందు మిల్లు లారీ డ్రైవర్లను ఎక్కించారు. ఒకడు పైనే వాంతి చేసుకున్నాడు, కడిగింది నేను. రెండోవాడి పెళ్ళాం పిల్లల్ని తీసుకొచ్చి విమానం చక్రాల ముందు పడుకోబెట్టింది. ఆమెను తప్పుపట్టే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

విమానం దిగడానికి ఎమ్మిగనూరు రోడ్డు పక్కన గరుసు నేల చదును చేసి బాట వేశారు. బాటకు అటూ ఇటూ నల్లరేగడి. ఒకరోజు వాన వెలిశాక క్యాప్టెన్ సారు దిగుతుంటే గాలి పక్కకు నెట్టింది, చక్రాలు రేగడిలో కూరుకుపోయాయి. తడిసిన రేగడి సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మిల్లుకు పత్తి తోలే దుర్గప్పకు కబురు పెట్టారు. అతను తన ఎద్దుల జతను తోలుకొచ్చి, తాడు ఎక్కడ కడితే విరగదో నన్ను అడిగి, అరుపూ కేకా లేకుండా విమానాన్ని గట్టు మీద పెట్టాడు. శేషన్న జేబులో చెయ్యి పెట్టాడు.

"దుడ్డు వద్దులేప్పా," అన్నాడు దుర్గప్ప. "ఒక్క తూరి దాంట్లో ఎక్కించుకోమని సారుకు సెప్పు, సాలు."

ఎక్కించుకున్నాడు. పైకి పోయాక సారు ఏమనుకున్నాడో, విమానం నడిపే కర్రను కాసేపు అతని చేతికే ఇచ్చాడట. దిగీ దిగగానే శేషన్న దగ్గరికి వచ్చి, "ఈతని చెయ్యి తేలిక. నాకు ఈతన్ని ఇవ్వు," అన్నాడు. దుర్గప్ప ముఖం చూడాలి అప్పుడు. జాతరలో మిఠాయి దొరికిన పిల్లాడి ముఖం.

దుర్గప్పది హొళగుంద దారిలో ఒక మెట్ట పల్లె. అప్పటికి ముప్పై దాటిన మనిషి. అంకెలు వచ్చు, అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. పదిమందిలో ఉంటే మాట పెగలదు, ఎద్దులతో మాత్రం దారి పొడుగునా కబుర్లే. ఆ తర్వాతి ఏళ్ళలో అతను ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఎన్ని చేల మీద మందు చల్లాడో, ఎంత కిందికి దిగి చల్లేవాడో, పనిచేసే ఆడవాళ్ళు ఎలా తలలు వంచుకుని తిట్టుకునేవాళ్ళో ఊరందరికీ తెలిసిందే. విమానం పాతబడి మూలకు చేరాక లారీ తోలాడు, పేరు చెడకుండా తోలాడు. నేను చెప్పేది అతను నేర్చుకున్న వైనం.

మొదటి పాఠం విమానంలో కాదు, మిల్లు లారీలో. క్యాప్టెన్ సారు దుర్గప్ప భార్య హులిగెమ్మ దగ్గర చేట అడిగి తీసుకున్నాడు. దుర్గప్పను లారీ తొట్టిలో నిలబెట్టి, చేటను పక్కకు చాపి పట్టుకోమన్నాడు. లారీ వేగం అందుకుంది. చేట చదునుగా ఉన్నంతసేపు ఊరకే ఉంది. ముందు అంచు కొంచెం ఎత్తగానే చేట చెయ్యినే పైకి లేపింది. ఇంకా ఎత్తేసరికి గడగడా వణికి, లేపడం మానేసి వెనక్కి గుంజింది. అంచు మళ్ళీ దించగానే బుద్ధిగా తేలింది.

"ఇదే రెక్క," అన్నాడు సారు. "విమానాన్ని మోసేది ఇంజను కాదు, గాలి. గాలి రెక్క మీద సాఫీగా జారినంతసేపూ మోస్తుంది. వేగం తక్కువై, ముక్కు మరీ పైకెత్తినావంటే రెక్కను వదిలేస్తుంది. అప్పుడు ఆకాశంలో నువ్వొక మూటవి, అంతే."

"వదిలేస్తే ఏం సెయ్యల్ల సారు?"

"ముక్కు కిందికి దించు. దించితే వేగం వస్తుంది. వేగం వస్తే గాలి మళ్ళీ పట్టుకుంటుంది."

దుర్గప్ప చేటను చూసి, నన్ను చూసి, మళ్ళీ సారును చూశాడు. "పడిపోతాంటే ఇంగా కిందికే దించల్లనా?"

"అదే పాఠం. మిగతావి ఎవరైనా నేర్చుకుంటారు."

సాయంత్రం హులిగెమ్మ చేటను వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. ఆమె నోటికి మిల్లు మేస్త్రీలే జడిసేవాళ్ళు. "రెక్కలు నేర్పేకి నా సేటే దొరికిందా మీకు? పట్టీ అంతా ఊడిపాయె. రేపు జల్లెడ అడుగుతారేమో, ఇయ్యను," అంది. మొగుడు విమానం ఎక్కడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. "ఎక్కేది ఎక్కు. సగం నేర్చి ఎక్కితే మాత్రం నేను ఒప్పను," అందంతే.

నడపడం చూడ్డానికి అంత కష్టం కాదు. మోకాళ్ళ మధ్య నిలువుగా ఒక కర్ర ఉంటుంది. ముందుకు నెడితే ముక్కు దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది, పక్కకు వాలిస్తే ఆ పక్క రెక్క వాలుతుంది. కాళ్ళ కింద అడ్డకర్ర తోకను తిప్పుతుంది. ఎడమ చేతికి ఇంజను వేగం పెంచే పిడి, కుడిచేతికి నిలువు కర్ర. ఎడమ రెక్కను దాపటి రెక్క అనీ, కుడి రెక్కను ఎలపటి రెక్క అనీ అనేవాడు దుర్గప్ప, కాడికి కట్టిన ఎద్దుల్ని అన్నట్టే. కొన్నాళ్ళకు సారు కూడా, ముందు సీటు మాట వెనక సీటుకు వినిపించే రబ్బరు గొట్టంలోంచి, "దాపటి రెక్క కొంచెం దించు" అనడం మొదలుపెట్టాడు. గాలికి ఎదురుగానే లేవాలి, ఎదురుగానే దిగాలి అంటే వెంటనే తలూపాడు. కళ్ళంలో జొన్నలు తూర్పారబట్టే మనిషికి గాలి ఎటు వీస్తోందో చూడకుండా పూట గడవదు కదా.

అన్నీ వచ్చాయి. సారు చెప్పిన ఆ ఒక్క పాఠమే రాలేదు.

బాగా ఎత్తుకు తీసుకుపోయి, ఇంజను తగ్గించి, ముక్కు ఎత్తమనేవాడు సారు. వేగం చచ్చిపోయి విమానం వణికేది, ఒక రెక్క పక్కకు జారేది. అప్పుడు కర్రను ముందుకు నెట్టాలి. దుర్గప్ప కుడిచెయ్యి వెనక్కి గుంజేది. బెదిరిన ఎద్దుల పగ్గాలు గుంజినట్టు పొట్టదాకా గుంజేవాడు. విమానం ఇంకా పక్కకు పడేది. ముందు సీటు నుంచి సారు "బిడు, బిడప్పా" అని మొత్తుకునేవాడు. వదులు అని కన్నడంలో. చివరికి తనే బలవంతాన కర్రను నెట్టి సరిచేసేవాడు. నేలమీద అడిగితే దుర్గప్ప అంతా తడుముకోకుండా అప్పజెప్పేవాడు. పైకి పోతే మళ్ళీ గుంజేవాడు.

ఒకరోజు సారు దిగి టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "ఈతనికి ఎద్దులే సరి. గాలిలో పగ్గం గుంజేవాణ్ణి ఒంటరిగా పంపితే ఎముకలు ఏరుకోవాలి. రేపటి నుంచి వద్దు."

దుర్గప్ప చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి ఇంటిదారి పట్టాడు. నాకు ఒళ్ళు మండింది. పెద్దాయన అని కూడా చూడకుండా అడిగేశాను.

"ఆ సెయ్యి కత మీకు తెల్సునా సారు? తెల్దు. ఉరుకుంద జాతర నుంచి బండిలో వస్తాండిరి తండ్రీ కొడుకూ, పగ్గాలు దుర్గప్ప సేతిలో. లారీ హారనుకు ఎద్దులు బెదిరె. ఈయప్ప భయపడి పగ్గాలు ఇడిసిపెట్టి దూకినాడు. బండి తిరగబడి నాయన నరసప్ప దాని కిందనే పాయె. ఇడిసినందుకే సచ్చిపాయనని ఆ పొద్దు నుంచి ఈయప్పకు మనసులో నాటుకుండాది. భయమైతే ఆ సెయ్యి గుంజుతాది. మీ మాట అర్థం గాక కాదు. ఊరంతా ఎరిగిన కత ఇది, మీరొకరే ఎరగరు."

క్యాప్టెన్ సారు టోపీ తీసుకుని, దుమ్ము దులిపి నెత్తిన పెట్టుకున్నాడు. నన్ను తిట్టలేదు. మర్నాడు తనే నడుచుకుంటూ మిల్లు పక్కనున్న దుర్గప్ప గుడిసెకు పోయాడు, నేనూ వెంట ఉన్నాను. దుర్గప్ప ఎద్దులకు సొప్ప వేస్తున్నాడు.

"ఆ రోజు నువ్వు గుంజి పట్టివుంటే ఎద్దులు ఆగేవా?" అని అడిగాడు సారు, ఏ ముందుమాటా లేకుండా.

దుర్గప్ప చేతిలోని సొప్ప ఎద్దుల ముందు వేసి చెప్పాడు. "తెల్దు సారు. పట్టకుంటి కదా, అందుకే తెల్దు."

"నాకూ తెలియదు. బండి సంగతి నేను చెప్పలేను. విమానం సంగతి చెప్తా. అక్కడ గుంజితే కచ్చితంగా పోతారు, నువ్వూ పోతావు, కింద ఉన్నవాళ్ళూ పోతారు. పట్టుకోవడమంటే అక్కడ వదలడమే. మీ నాన్న మీద ప్రేమ ఉంటే ఆ ప్రేమను చేతిలో పెట్టుకోవద్దు."

దుర్గప్ప సొప్ప పక్కనబెట్టి అక్కడే కూర్చున్నాడు. హులిగెమ్మ లోపలి నుంచి, "పో. తలకాయ ఒంచుకొని ఈడ కూసుంటే నాకు సూసేకి బాగల్యా," అంది.

ఆ రోజు నుంచి సారు కొత్త పద్ధతి పెట్టాడు. పక్క చేలోంచి అప్పుడే విచ్చిన పత్తి పువ్వు ఒకటి కోసి, దుర్గప్ప అరచేతికీ కర్రకూ మధ్య పెట్టేవాడు. బొటనవేలూ మరో రెండు వేళ్ళతోనే కర్ర పట్టుకోవాలి. దిగాక పువ్వు నలగకుండా ఉండాలి. మొదట్లో దిగేసరికి అది పచ్చడయ్యేది. హులిగెమ్మ తన వంతు తను చేసింది. అతను అన్నం తింటుంటే వెనక నుంచి చప్పుడు కాకుండా వచ్చి ఇత్తడి బిందె దబ్బున కింద పడేసేది. "సెయ్యి సూడు, ముద్దను ఎట్ల పిసికినావో. ఇడువు," అనేది. నవ్వు వచ్చేది కానీ, నవ్వినవాణ్ణి ఊరుకోనిచ్చేది కాదు. బిందె సొట్టలు పడింది. పువ్వులు నలుగుతూనే వచ్చాయి. ఒకనాటి పొద్దున సారు దిగి, ఒక పువ్వు తెచ్చి నా చేతిలో పెట్టాడు. రేకులు ఒక్కటి చెదరలేదు. పైన విమానం వణికించినప్పుడు కర్ర దానంతటది ముందుకు పోయిందట. నేను ఆ పువ్వును పట్టుకుని మిల్లంతా తిరిగి చూపించాను, అంత సంబరం నాకు.

అప్పటికి చేలల్లో కాయ ముదిరింది, సారు వెళ్ళే వేళ దగ్గరపడింది. గాలి నిలకడగా ఉన్న ఒక ఉదయం ఆయన ముందు సీటులోంచి దిగి, ఖాళీ సీటు బెల్టు కట్టేసి, "ఈ రోజు నువ్వొక్కడివే," అన్నాడు. "నా బరువు ఉండదు, తొందరగా లేస్తుంది. దిగేటప్పుడు తేలుతుంది, కంగారుపడొద్దు. నచ్చకపోతే మళ్ళీ చుట్టి రా. ఆకాశం ఎవడబ్బ సొమ్మూ కాదు."

"సరే సారు," అన్నాడు దుర్గప్ప. గొంతులో బెరుకు లేదు. నేను ఫ్యాను తిప్పాను, ఇంజను మొదటి ఊపుకే లేచింది. బాట సగం కూడా తినకుండానే విమానం గాలిలో ఉంది.

గాలి కుదిరితే రేపు ఒంటరిగా పంపుతానని సారు ముందురోజే అన్నాడు, ఆ సంగతి హులిగెమ్మ వాళ్ళ పల్లెలో చెప్పి ఉంచిందని మాకు తెలియదు. బండ్లు కట్టుకుని పల్లె సగం దిగింది. బాట పక్కన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, తప్పెటవాళ్ళు. సారు కొంచెం చికాకుపడ్డా ఊరుకున్నాడు. దుర్గప్ప ఆదోని కోట కొండల మీదుగా పెద్ద చుట్టు చుట్టి, గాలికి ఎదురుగా బాటకు తిరిగాడు. ఇంజను తగ్గించాడు. చప్పుడు సన్నగిల్లి, విమానం నెమ్మదిగా కిందికి జారుతూ వస్తోంది. సారు నా భుజం మీద చెయ్యి వేసి, "చక్కగా వస్తున్నాడు," అన్నాడు.

వాళ్ళ పల్లెలో ఒక పద్ధతి ఉంది. కొత్త బండి వచ్చినా, పందెం గెలిచిన ఎద్దులు వచ్చినా చక్రం ఇంకా తిరుగుతుండగానే ఎదురుపోయి దిష్టి తీసి టెంకాయ కొట్టాలి. ఆగిపోయాక కొడితే దిష్టి పోదంటారు. ఈ ముక్క నాకు తట్టి చస్తే కదా. తప్పెట మోగింది. హారతి పళ్ళెం పట్టుకుని హులిగెమ్మ ముందు, పల్లె ఆడవాళ్ళు వెనక, అందరూ బాట నడిమధ్యకు పరుగెత్తారు, చక్కగా విమానానికి ఎదురుగా.

నేను కేకలు వేస్తూ పరుగెత్తాను. ఎవరు వింటారు ఆ తప్పెటలో? విమానం వేపచెట్టంత ఎత్తులో ఉంది, వేగం లేదు. నా కాళ్ళు ఆగిపోయాయి. నేను రోజూ విన్న పాఠమే అది. ఇప్పుడు అతను కర్ర గుంజితే విమానం ఒక్క జానెడు ఎగిరి, గాలి వదిలేసి, మూటలా వాళ్ళ నెత్తినే పడుతుంది. గుంజకుండా ఎలా ఉంటాడు? ఎదురుగా ఉన్నది పెళ్ళాం. సారు నా వెనక "ఎళీబేడ, ఎళీబేడ" అని గొణుగుతున్నాడు. లాగొద్దు, లాగొద్దు అని.

విమానం ముక్కు కిందికి దిగింది.

కళ్ళారా చూశాను. ముక్కు వంచి, హులిగెమ్మ మీదికే గురిపెట్టినట్టు వచ్చాడు. ఇంజను ఒక్కసారిగా గర్జించింది. ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నేలమీద పడ్డారు. హులిగెమ్మ ఒక్కతే పడలేదు, పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. వేగం అందుకున్న విమానం వాళ్ళ తలల మీదుగా, చీర కొంగులు లేచిపోయేలా దూసుకుపోయి, అప్పుడు మెల్లగా, తొందర లేకుండా పైకి ఎక్కింది. చక్రాలు ఎవరికీ తగల్లేదు.

ఆ తర్వాత నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. పాస్టరుగారు చదువుతారు. మొత్తానికి బాట ఖాళీ అయ్యింది. దుర్గప్ప మళ్ళీ చుట్టి వచ్చి, రెండుసార్లు ఎగిరిపడి, బాట చివర ఆగాడు. ఇంజను ఆపాడు. దిగి రెక్క పట్టుకుని నిలబడ్డాడు.

హులిగెమ్మ ముందు పోయింది. ఆమె నోరు తెరిస్తే ఏమవుతుందోనని మిగతావాళ్ళు దూరంగా ఆగారు. సారూ నేనూ దగ్గరగానే ఉన్నాం.

"నా మీదికి తోలినావు," అంది.

"ఊఁ."

"నా కండ్లల్లోకి సూస్తా తోలినావు."

"గుంజింటే మీ మీద పడుండేది హులిగీ. వేగం రావల్లంటే దించల్ల. నువ్వే ఎదురుగా ఉంటివి. నీ మీదికే దించల్ల, ఇంగ యాడికి దించేది?"

ఆమె పళ్ళెం ఇంకో చేతికి మార్చుకుంది. "భయమెయ్యల్యా?"

"శానా ఏసింది. నాయన మాదిరి నిన్ను గూడా నేనే సంపుతాండానేమోనని ఏసింది."

"అయినా గుంజల్యా."

"గుంజల్యా," అన్నాడు దుర్గప్ప. అని, రెక్క కింద కూలబడి ఏడ్చాడు. తండ్రిని పూడ్చిన రోజు అతని కంట నీటిచుక్క రాలేదు, నేను అక్కడే ఉన్నాను. ఆ నీళ్ళన్నీ ఇన్నేళ్ళూ ఎక్కడ దాచిపెట్టాడో తెలియదు, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. హులిగెమ్మ పళ్ళెం పక్కన పెట్టి, అందరి ముందూ అతని పక్కనే నేలమీద కూర్చుని, తలను తన భుజానికి ఆనించుకుంది. ఆమె కూడా ఏడుస్తోందని కొంచెం ఆలస్యంగా గమనించాను.

క్యాప్టెన్ సారు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇంజను ఒకసారి చూద్దాం రా యేసేపు."

"ఇంజను బాగానే ఉండాది సారు."

"అయినా చూద్దాం."

ఇద్దరం విమానం ముందుకు పోయి, ఇంజను మూత ఎత్తి, వాళ్ళవైపు వీపు పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాం.